ఎడమ పక్క పడిన పువ్వు

ముళబాగిలు దగ్గర ఒక పల్లె. పట్టుపురుగుల షెడ్డులో పండిన పురుగులు ఏరుతున్న కొడుకు నందీశ్, వాకిట్లో నిలబడిన తండ్రి తిమ్మరాయప్ప. పొద్దున తొమ్మిదింబావు.

"ఆడనే నిలబడప్పా. లోపలికి రావద్దు."

"ఏమిరా నందీ, నా షెడ్డులోకి నన్నే రావద్దంటావా?"

"ఒళ్ళంతా కర్పూరం వాసన. ఆ వాసనకు పురుగు మేత మానేస్తాదని చెప్పింది నువ్వే గదా."

"మేత యాడిది ఇంగ? పండిపోయినాయి. మెడలెత్తి ఊపుతా ఉండాయి, చూడు. ఇప్పుడు వాటికి కావాల్సింది ఆకు కాదు, గూడు కట్టుకునేకి వెదురు చంద్రిక."

"నేను చెప్పేదీ అదే. ఇన్ని పురుగులు ఒకటేసారి పండి కూర్చున్నాయి. ఏరి చంద్రికల్లో వేసేసరికి మధ్యాన్నం దాటుతాది. నువ్వేమో తెల్ల పంచె కట్టి, భుజాన కొత్త టవలు వేసుకుని పెండ్లికి పోయే మాదిరి వచ్చినావు. మార్చుకుని రా."

"మార్చుకోను. నేను కోలారుకు పోవాల."

"ఈ దినమా?"

"ఈ దినమే. మోహన్‌కుమార్ బండి తీసుకుని తొమ్మిదిన్నరకంతా వస్తానన్నాడు."

"మోహనా? వాడు పోయేది వాని పనికి గదా."

"వాని పనికే. వాని మాదిరి, నీ మాదిరి మిలిటరీ నుంచి ఇంటికొచ్చినోళ్ళను మళ్ళా తీసుకుంటా ఉండారంట. డిపోలు, గోడౌన్లు కాపలా కాసే దళానికంట. అదే యూనిఫారం, అదే మర్యాద. కాగితాలు ఇచ్చేకి ఈ దినమే ఆఖరు."

"తెలుసు."

"తెలుసు! తెలిసి నాకు ఒక్క మాట చెప్పలేదు."

"చెప్పేకి ఏముండాది? నాకు వయసు దాటిపోయింది."

"దాటలేదు. మోహన్‌ను అడిగినాను. నీకు ఇంకా చానా ఏండ్లు టైముందంట."

"మోకాలు నొప్పి."

"మోకాలు నొప్పి ఉండేవాడు పన్నెండు గంటలు ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడతాడా?"

"నిలబడతాడు. నిలబడక ఏం చేస్తాడు? ఇది చూడప్పా, ఇది పండిందా? నాకు పచ్చిగానే కనపడతా ఉండాది."

"మాట మార్చొద్దు. పండలేదు, తట్టలో పెట్టేయ్. పచ్చిదాన్ని చంద్రికలో వేస్తే గూడు కట్టదు, ఊరికే తిరుగులాడి సస్తాది. నందీ, నీ పుస్తకం నేను తీసుకున్నాను."

"ఏ పుస్తకం?"

"నీ డిశ్చార్జి పుస్తకం. దేవుని గూట్లో పెట్టింది. ఇదో, ఈ సంచిలో ఉండాది."

"దాన్ని ఏంటికి తీసినావు? ఇట్లియ్యి."

"తాకొద్దు. చేతులు చూసుకో, ఎట్లుండాయో."

"ఇయ్యప్పా."

"మూడున్నరేండ్లుగా ప్రతి శుక్రవారం దానికి కుంకుమ పెట్టినాను. ఎవురినీ తాకనియ్యలేదు. మీ అమ్మను గూడా. ఈ దినం మోహన్ చేతికిస్తాను. వాడు జెరాక్సు తీసి, నీ పేరున అర్జీ నింపి..."

"మోహన్ చేతికి దాన్ని ఇయ్యొద్దు!"

"మెల్లగా. పురుగులు బెదురుతాయి."

"పురుగులకు చెవులు యాడున్నాయి? నాకు ఇష్టం లేదప్పా. మళ్ళా పోవాలని లేదు. అంతే. ఆ పుస్తకం గూట్లో పెట్టేయ్, నాకు సాయం రా."

"ఇష్టం లేదని ఏంటికంటావో నాకు తెలుసు."

"తెలుసా?"

"తెలుసు. నావల్ల."

"నీవల్లనా?"

"ఇంగెవురివల్ల? అప్పకు పక్షవాతం వచ్చింది, ఒక్కడే కొడుకును, చూసుకునేకి ఇంకెవురూ లేరని గదా నువ్వు పని వదులుకుని వచ్చింది. మళ్ళా పోతే అప్పకు ఏమన్నా అయితే ఎట్లా అని గదా ఇప్పుడు మోకాలంటావు, వయసంటావు. ఆ పుస్తకంలో ఎర్ర ఇంకుతో ఇంగ్లీషులో రాసింది అదే గదా? తండ్రికి బాగలేదు, అడిగి ఇంటికి పోయినాడు, అని?"

"ఊఁ... ఏదో రాసింటారు. ఆ చంద్రిక ఇట్ల తొయ్యి."

"పోయిన నెల నేను కోలారు పక్కన ఉండే మీ ఫ్యాక్టరీల ఊరు నరసాపురానికి పోయినాను. నీకు చెప్పలేదు."

"ఎప్పుడు? ఏంటికి?"

"మా మేనమామ మనవని పెండ్లి పత్రిక ఇచ్చేకి. పని అయిపోయింది. నిన్ను చూసి పోదామని మీ ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చినాను. గేటు ఎదురుగా టీ అంగడి ఉండాది గదా, ఆడ నిలబడుకున్నాను. ఒక కారొచ్చింది. నువ్వు లారీ నంబరు రాసుకుంటా ఉంటివి. గేటు ఎత్తేది ఒక నిమిషం లేటయింది. కారులో నుంచి ఒక పిల్లోడు దిగినాడు. మీసం గూడా సరిగ్గా రాలేదు. నీ మొగం ముందర చెయ్యి ఊపి ఏమేమో అన్నాడు."

"వాళ్ళు అంటారప్పా. రోజూ ఎవురో ఒకరు అంటానే ఉంటారు. అది లెక్కలోకి రాదు."

"అనింది నాకు తగల్లేదు. అంతా అయినాక నువ్వు వానికి సెల్యూట్ కొడితివే, అది తగిలింది. మిలిటరీలో సచ్చిన నీ జతగాడు చంద్రు శవపెట్టె ముందర కొట్టిన సెల్యూట్ గదరా అది! అదే చెయ్యి. వానికా? టీ గ్లాసు ఆడనే పెట్టేసి బస్సెక్కినాను. ఆ పొద్దు నుంచి నాకు అన్నం దిగలేదు. నందీ, నీకు ఒకటి చెప్పాల. చెప్పకుండా ఇంగ ఉండలేను. నేను... ఉండు, మీ అమ్మ వస్తా ఉండాది."

"ఏమయ్యా, కాఫీ చల్లారిపోతా ఉండాది, యాడికి పోయినావు? ఇదేమి వేషం?"

"కోలారుకు పోతా ఉండానే."

"కోలారులో ఏముండాది?"

"గూళ్ళ మార్కెట్లో రేటు ఎట్లుండాదో చూసొస్తాను."

"పురుగు ఇంకా చంద్రిక ఎక్కలేదు. గూడు కట్టలేదు. రేటు చూసేకి పోతాడంట! దానికి తెల్ల పంచె గూడానా? నందీ, మీ అప్పను ఏమన్నావురా, మొగం అట్ల పెట్టుకున్నాడు?"

"నేనేమీ అనలేదమ్మా."

"ఇద్దరూ ఒకటే మాదిరి అబద్ధం చెప్తారు, నేల చూసుకుంటా. సరే, మీ గుట్టు మీ దగ్గరే పెట్టుకోండి. ఇదో కాఫీ. ఎర్రావు ఈనినప్పటి నుంచి లేచి నిలబడలేకపోతా ఉండాది. కాంపౌండరు సీనప్ప కాల్షియం ఎక్కిస్తానన్నాడు. బాటిలు తగిలించేకి గుంజకు ఒక కొక్కెం కట్టి పోవయ్యా."

"నందీ కడతాడు."

"నువ్వు కట్టు. బాటిలు కట్టేది నీకు నేర్పించాల్నా ఏమి?"

"పోవే! పాలకు టైమయింది, పో."

"పోతా ఉండా. ఏల కసురుకుంటావు?"

"...పోయిందా?"

"పోయిందప్పా. కాఫీ తాగు."

"బాటిలు అనింది, విన్నావా? మూడున్నరేండ్లుగా ఆ మాట వింటే నేను లేచి బయటికి పోతాను. నందీ, నాకు పక్షవాతం రాలేదు. విన్నావా నేను చెప్పింది?"

"విన్నాను."

"నోరు వంకర పోలేదు. చెయ్యి పడిపోలేదు. అంతా నాటకం. చంద్రు పెట్టె బంగారు గనుల కాలనీకి, చాంపియన్ రీఫ్స్‌కు వచ్చిన దినం నువ్వే గదా దాని వెంట వచ్చినావు. ఆ లైను ఇండ్ల సందులోకి పెట్టె తిరగలేదు, అడ్డంగా ఎత్తి పట్టుకుంటిరి. వాళ్ళమ్మ పెట్టెను చేతుల్తో కొట్టింది, తలుపు తియ్యరా అన్నట్ల. మీ అమ్మ నా పక్కనే ఉండింది. నా చెయ్యి పట్టుకుంది. ఇంటికొచ్చి చూస్తే ఆమె గోర్లు దిగిన గుర్తులు నా చేతి మీద."

"గుర్తుండాది."

"ఆ రాత్రే నువ్వు రైలెక్కి వెళ్ళిపోతివి. మీ అమ్మ మూడు దినాలు అన్నం ముట్టలేదు. తర్వాత పెట్టె మన సందులోకి వచ్చినట్ల కలలు. నేను ముళబాగిల్లో ఒక డాక్టరు కాళ్ళు పట్టుకున్నాను. ఆయన పోయిన సంవత్సరమే పోయినాడు, పాపం, ఆయన్ను అనేది లేదు. కాగితం రాసిచ్చినాడు. కాగితం ఒకటే అయితే నమ్మరేమో అని ఫొటో గూడా తీయించినాము. ఓబలప్ప కొడుకు ఫోన్లో తీసినాడు. నేను మంచం మీద, నోరు ఒక పక్కకు లాక్కుని. మీ అమ్మ సెలైన్ ఎక్కించే మాదిరి బాటిలు కట్టి, నన్ను చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తా నవ్వింది, నవ్వుతా ఏడ్చింది. అదీ ఇదీ కవర్లో పెట్టి నీ యూనిట్‌కు పంపించినాము."

"నాకు తెలుసప్పా."

"ఏమి తెలుసు?"

"ఫొటోలో బాటిలు. అది సీనప్ప ఆవులకు ఎక్కించే కాల్షియం బాటిలు."

"అది నీకెట్ల..."

"దాని మీద ఆవు బొమ్మ ఉండాదప్పా. ఎర్రావు. పక్కన దూడ."

"అయ్యో నా తల్లీ! తిప్పి కట్టవే, తిప్పి కట్టవే అని చెప్పినాను. వినిందా! నవ్వుతా ఉండావా?"

"నవ్వు రాక ఏం చేస్తాదప్పా."

"అయితే నీకు మొదటి నుంచే తెలుసు."

"చూసిన నిమిషమే."

"తెలిసీ ఇంటికొచ్చినాక ఆరు నెల్లు నా ఎడమ చెయ్యికి నూనె రాసినావా? పొద్దునా సాయంత్రం?"

"రాసినాను."

"స్నానానికి ఎత్తుకుని పోతివే!"

"పోతిని. నువ్వు కాలు ఈడుస్తా ఉంటివి. ఒకోసారి కుడి కాలు ఈడ్చేవాడివి, ఒకోసారి ఎడమ కాలు."

"చెప్పొచ్చు గదరా! ఒక్క మాట! నేను ఆరు నెల్లు చెయ్యి ఊపకుండా కూర్చుంటి. ఈగ వాలినా తోలలేదు. ఇంగ పడలేక కురుడుమలె వినాయకునికి మొక్కు అని చెప్పి, నూటొక్క టెంకాయ కొట్టి, ఆ రోజు నుంచి చెయ్యి వచ్చింది అనిపించినాను. ఊరంతా దేవుని మహిమ అన్నారు. ఆ మునివెంకటమ్మ తన మొగుణ్ణి గూడా ఆడికి పిల్చుకుని పోయింది. వానికి వచ్చింది నిజమైన పక్షవాతం. వాని చెయ్యి రాలేదు. నేను బజార్లో వాణ్ణి చూస్తే సందు మార్చుకుంటాను."

"నాకు అదంతా తెలీదప్పా."

"నాకు తెలుసు. దేవునికి తెలుసు. అయితే, నందీ, ఒకటి చెప్పు. అబద్ధం కాగితం అని తెలిసీ దాన్ని నీ ఆఫీసరుకు ఇచ్చినావా?"

"ఆ తట్ట చూడప్పా, పురుగులు అంచు దాటి కింద పడతా ఉండాయి."

"పడనీ. అడిగినదానికి చెప్పు."

"ఏమి చెప్పేది?"

"చెప్పొద్దులే, నాకు తెలుసు. మా కోసరం ఇచ్చినావు. అమ్మ ఏడుస్తాదని ఇచ్చినావు. తప్పు మేము చేసి, నీ చేత గూడా చేయించినాము. ఎనిమిదేండ్లు నిజాయితీగా నిలబడిన పిల్లోణ్ణి ఒక ఆవు బాటిలు కోసరం దొంగను చేసినాను. నాయినా..."

"ఏడవద్దప్పా. పంచె మాసిపోతాది."

"ఇంకొకటి ఉండాది. అది మీ అమ్మకు గూడా తెలీదు."

"ఇంకా ఉండాదా?"

"కవరు పంపించే ముందు గంగమ్మ గుళ్ళో పువ్వు అడిగినాను. పూజారి దొడ్డమునియప్ప నీళ్ళలో తడిపి అమ్మవారి రెండు భుజాల మీదా పూలు అంటించినాడు. కుడి పక్క పడితే పంపిస్తాను, ఎడమ పక్క పడితే లేదు, అనుకున్నాను. చానా సేపు పడలేదు. తర్వాత పడింది."

"యా పక్క?"

"ఎడమ పక్క. పూజారి చూసినాడు. నేను చూసినాను. ఇంగోసారి అడుగు స్వామీ అన్నాను. అమ్మను రెండు సార్లు అడగకూడదు తిమ్మరాయా, చెప్పింది గదా, అన్నాడు. ఇంటికొచ్చినాను. మీ అమ్మ వాకిట్లోనే నిలబడి ఉండింది. కుడి పక్క పడిందే, అని చెప్పినాను."

"అందుకా నువ్వు గంగమ్మ గుడి గడప దాటనిది? మెట్లెక్కితే కాలు నొప్పి అంటివే!"

"ఏ మొగం పెట్టుకుని లోపలికి పోయేది? బయటే నిలబడి దండం పెట్టుకుని వచ్చేస్తాను. నిన్న పోయినాను. మూడున్నరేండ్లకు గడప దాటినాను. నా కొడుక్కు చెప్పనా తల్లీ అని పువ్వు అడిగినాను. అడిగిన వెంటనే కుడి పక్క పడింది. నోట్లో నుంచి మాట పూర్తిగా రాలేదు, పడింది."

"ఎడమ పక్క పడుంటే?"

"ఆఁ?"

"ఎడమ పక్క పడుంటే చెప్పకుండా ఉంటావా?"

"...తెలీదురా. చెప్పేవాణ్ణేమో. అమ్మ మాట వినేది నాకు రాదు అనుకుంటా. నాకు కావాల్సింది చెప్తే అది అమ్మ మాట అంటాను."

"సరే. నాకు చెప్పినావు. నేను విన్నాను. అయిపోయింది గదా. పంచె మార్చుకో."

"యాడ అయిపోయింది? నీకు చెప్తే ఏమి వచ్చింది? చెప్పాల్సిన చోట చెప్పొద్దా? అశ్వత్థప్ప మేష్టరు దగ్గర రాయించుకున్నాను. ఇదో. నేను తిమ్మరాయప్ప, నాకు ఏ రోగమూ రాలేదు, నా కొడుకును ఇంటికి తెచ్చుకునేకి దొంగ కాగితం పుట్టించి పంపించినాను, నా కొడుక్కు ఏమీ తెలీదు, వానిది ఏ తప్పూ లేదు, వాణ్ణి మళ్ళా పనిలోకి తీసుకోవాల. కింద నా సంతకం. మేష్టరు రాసేటప్పుడు రెండు సార్లు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు."

"మేష్టరుకు గూడా చెప్పినావా! రేపటికి ఊరంతా..."

"తెలియనీ."

"నిన్ను జైల్లో వేస్తారప్పా."

"వేయనీ. రాగిముద్దే గదా ఆడా పెట్టేది."

"అమ్మను గూడా పిలుస్తారు. బాటిలు కట్టింది ఎవురు అని."

"మీ అమ్మ పేరు రాయించలేదు. నేనే కట్టుకున్నాను అని రాయించినాను."

"పక్షవాతం వచ్చినోడు లేచి బాటిలు కట్టుకున్నాడా?"

"రాలేదు గదరా! అదే గదా నేను చెప్పేకి పోతా ఉండేది! నవ్వొద్దు. నాయినా, నేను మోహన్‌ను ఇది గూడా అడిగినాను. ఇంటి కష్టం అని వచ్చినోడికి ఆ కష్టం తీరిపోయింటే మళ్ళా తీసుకునేది ఉండాదంట. పుస్తకంలో ఏమి రాసుంటే దాన్ని బట్టి. నీది ఇంటి కష్టమే గదా. ఆ కష్టం నేనే. నేనే పోయి, కష్టం లేదు, నేను గుండ్రాయి మాదిరి ఉండాను అని చెప్తే?"

"వాళ్ళు నీ మాట విని పాత ఫైలు తీస్తారప్పా. ఫైలు తీస్తే..."

"తీయనీ. దానికే గదా."

"ఫైలు తీస్తే నువ్వు అనుకునేది ఉండదు."

"ఏముంటాది?"

"ఏమీ లేదు. పోవద్దు అంతే. నీ కాళ్ళకు దండం పెడతాను."

"చూడు, ఇప్పుడు గూడా నన్ను కాపాడేకే చూస్తాడు. నీ మాదిరి కొడుకు పుట్టేకి నేను ఏ జన్మలో ఏం చేసుకున్నానో."

"అట్లనొద్దు! ఆ మాట అనొద్దప్పా!"

"ఏమయ్యా! మోహన్‌కుమార్ వచ్చినాడు. బండి ఆపకుండా నిలబడి ఉండాడు. ఎంత సేపు?"

"వస్తా ఉండానే! నందీ, నేను పోతాను. కొక్కెం నువ్వు కట్టు. చంద్రికలు ఎండలో పెట్టొద్దు, నీడన పెట్టు."

"నిలబడప్పా. సంచిలో నుంచి ఆ పుస్తకం తీయి."

"దారి ఇడువు."

"తీయి. తీసినాక నువ్వు పోతానంటే నేనే బండి ఎక్కిస్తాను. దానికి ప్లాస్టిక్ కవరు వేసుండాది గదా. వెనక అట్టకూ కవరుకూ మధ్యలో వేలు పెట్టు."

"ఏముండాది దాంట్లో?"

"పెట్టు."

"కాగితం మాదిరి ఉండాది. అంటుకుపోయింది... ఉండు. ఇది... ఇది నా డాక్టరు కాగితం గదా? ఇదో ఆయన సీలు. ఇదో ఫొటో. రామ రామ, నోరు ఎంత వంకర పెట్టినాను! ...ఆవు. నిజమే. దూడ గూడా ఉండాది."

"ఉండాది గదా."

"జెరాక్సా ఇది?"

"కాదు. నువ్వు పంపించిందే. మడత గూడా నువ్వు పెట్టిందే."

"ఇది నీ ఆఫీసులో ఉండాల గదా? ఇక్కడెట్ల ఉండాది? నువ్వు ఆఫీసరుకు ఇచ్చింది..."

"ఇచ్చుంటే ఇక్కడ ఏంటికి ఉంటాది? కూర్చో అప్పా. ఆ స్టూలు మీద కూర్చో."

"ఇది ఇయ్యకపోతే నిన్ను ఎట్ల ఇంటికి వదిలినారు?"

"వదల్లేదు. పంపించేసినారు. చంద్రును పూడ్చిన రాత్రి రైలెక్కినాను గదా. గుంతకల్లులో టీ తాగేకి దిగినాను. రైలు కదిలింది. ఎక్కాల అనుకున్నాను. కాళ్ళు రాలేదు. చూస్తా నిలబడినాను, పోయింది."

"యూనిట్‌కు పోలేదా నువ్వు?"

"నలభైయారు దినాలు. ఆడనే ఒక లారీ షెడ్డులో చక్రాలు కడుగుతా ఉంటిని. ఊరికి ఒక ఇంగ్లీషు కాగితం వచ్చింది, నాకు ఫోన్ చేసి ఏమిరా ఇది అని అడిగితివి, గుర్తుండాదా?"

"సెలవు కాగితం, చించేయ్ అంటివి. పొయ్యిలో వేసినాను."

"నేను పారిపోయినానని రాసిన కాగితం అది. తర్వాత నాకే సిగ్గేసి పోయి నిలబడినాను. లోపల వేసినారు. లోపల ఉన్నప్పుడే నీ కవరు తెచ్చి చేతికిచ్చినారు."

"మరి ఈ ఎర్ర ఇంకు? ఇదేమి రాసింది?"

"చదువుతాను విను. చెప్పకుండా పని వదిలి పోయినాడు. మళ్ళా చేర్చుకునేకి పనికిరాడు."

"...దీనికా నేను కుంకుమ పెట్టింది."

"దానికే. ప్రతి శుక్రవారం నేను చూస్తానే ఉంటిని."

"నువ్వు నా చెయ్యికి నూనె రాస్తా..."

"నువ్వు నీ తప్పు అనుకుంటా ఉంటివి. నేను అనుకోనిచ్చినాను. నాకు అదే సులువుగా ఉండింది."

"ఏమయ్యా! బండి ఆఫ్ చేసినాడు మోహన్. లోపలికి రమ్మందునా?"

"వద్దే! ఉండమను! నందీ, ఆఫీసరు ఏమీ అడగలేదా నిన్ను? ఎనిమిదేండ్ల సర్వీసు చూసి ఒక మాట అడగరా?"

"అడిగినాడు. మంచోడు. నీ రికార్డు బాగుండాది, ఇంట్లో కష్టం ఏమన్నా ఉంటే చెప్పు, కాగితం ఉంటే చూపించు, ఇంటి కష్టం అనే రాస్తాను, అప్పుడు ఎప్పుడన్నా మళ్ళా రావచ్చు, అన్నాడు."

"కాగితం నీ దగ్గర ఉండింది గదరా!"

"జేబులోనే. చెయ్యి గూడా పెట్టినాను."

"పెట్టి?"

"తీసేసినాను."

"అమ్మా గంగమ్మా... ఎడమ పక్క వేసింది ఇందుకా తల్లీ? నేను వినలేదని, నువ్వే దాన్ని ఆడికి చేరనియ్యలేదా? ఆమెనే ఆపింది నందీ. అబద్ధం కాగితం నీ చేత్తో ఇయ్యకూడదని నీ చెయ్యి పట్టుకుంది. నువ్వు నా మాదిరి కాదు. అబద్ధానికి ఒప్పలేదు నువ్వు."

"నేను గూడా అట్లనే చెప్పుకుని చూసినాను, మూడున్నరేండ్లు."

"అట్ల కాదా?"

"కాదు."

"మరి ఏంటికి ఇయ్యలేదు?"

"అది ఇస్తే నన్ను మళ్ళా తీసుకుంటారని భయపడి ఇయ్యలేదప్పా."